ఏడో నంబరు ఫ్రీజర్‌కి ఏమీ కాలేదు

"బూట్లు విప్పండి."

ఆమె నాతో అన్న మొదటి మాట ఇదే. ప్రేమకథలో మొదటి మాట ఇంకాస్త బాగుండాలని నాకూ తెలుసు. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా.

"బూట్లు విప్పాలా? నేను మెకానిక్‌నండీ, చుట్టాన్ని కాదు."

"చుట్టాలైతే చెప్పకుండానే విప్పుతారు. ఇప్పుడే తుడిపించాను. విప్పండి."

విప్పాను. ఎడమ సాక్సుకి బొటనవేలి దగ్గర చిల్లు ఉంది. ఆమె చూసింది. చూడనట్టు కూడా నటించలేదు.

రోగాల మీద పరిశోధనలు చేసే పెద్ద సంస్థ మాది. పై నాలుగు అంతస్తుల్లో సైంటిస్టులు ఉంటారు. పేపర్లలో వాళ్ల ఫోటోలు పడుతుంటాయి. కింద బేస్‌మెంట్‌లో మేముంటాం. గాజుసామాను కడిగేవాళ్లు, మైక్రోస్కోపులు చూసుకునేవాళ్లు, సామాన్లు తెప్పించేవాళ్లు, చెడినవి బాగుచేసేవాళ్లు. పైవాళ్లందరికీ కలిపి పనిచేస్తాం కనక మమ్మల్ని ఉమ్మడి సేవలు అంటారు. మా ఫోటోలు గుర్తింపు కార్డుల మీద తప్ప ఇంకెక్కడా పడవు. నాది మాత్రం పడాల్సిన ముఖమేనని నా గట్టి నమ్మకం.

మా వర్క్‌షాపులో ఫ్రీజర్లు బాగుచేసే మెకానిక్‌లం ముగ్గురం. పెద్ద మెకానిక్, పొట్టి మెకానిక్, నేను. నన్ను పౌడర్ మెకానిక్ అంటారని విన్నాను గానీ, ఎవరన్నారో ఇంకా తేలలేదు. మా ముగ్గురి మీదా ఫోర్‌మన్ ఉన్నాడు. ఆయన ఆఫీసులో సార్, ఇంట్లో మా అమ్మకి సొంత తమ్ముడు. అంటే నాకు రెండుచోట్లా తిట్లు తప్పవు.

ఫ్రీజర్ల గదిలో బీరువాల్లాంటి ఫ్రీజర్లు పదహారు, రెండు వరసల్లో ఉంటాయి. లోపల మైనస్ ఎనభై డిగ్రీలు. సైంటిస్టులు ఏళ్ల తరబడి పోగుచేసిన రక్తం నమూనాలన్నీ చిన్న చిన్న గొట్టాల్లో గడ్డకట్టి ఉంటాయి. ఆ గదికి కొత్తగా వచ్చిన ఇన్‌చార్జే ఈవిడ. ఒక్కసారి ఆవిడ చూపు తగిలాక, పొట్టి మెకానిక్ వర్క్‌షాపుకి తిరిగొచ్చి 'మైనస్ ఎనభై' అని పేరు పెట్టేశాడు.

"ఏడో నంబరు" అంది మైనస్ ఎనభై. "అప్పుడప్పుడూ వెనకాల ఏదో టక్కుమంటోంది."

నేను ఏడో నంబరు ముందు నిలబడి, కాలర్ సర్దుకుని, తలుపు బార్లా తీశాను. తెల్లటి పొగ నా చుట్టూ కమ్ముకుంది. ఆ పొగలో నేను చాలా బాగుంటాను.

"అయ్యో, తలుపెందుకు తీశారు? తియ్యకుండా కూర్చుని వినండి, అప్పుడే తెలుస్తుంది."

"తలుపు తియ్యకుండా ఫ్రీజర్ చూడమనడం, నోరు తెరవకుండా పన్ను చూడమనడం ఒకటేనండీ."

తలుపు మూసి, చెవి ఆనించి ఐదు నిమిషాలు విన్నాను. కంప్రెసర్ హాయిగా తిరుగుతోంది. ఏ టక్కూ లేదు. ఫారం మీద 'లోపం కనబడలేదు' అని రాసి, కింద సంతకం గిరగిరా తిప్పి ఇచ్చాను.

ఆమె చదివింది. "కనబడుతుందని నేననలేదు. వినబడుతుందన్నాను."

నాలుగు రోజులకి మళ్లీ కంప్లయింట్. ఏడో నంబరు, టక్కుమంటోంది. వెళ్లాను, తలుపు తీశాను, విన్నాను, లేదు, రాశాను. ఆ తర్వాతి వారం మళ్లీ. ఆ పై వారం మళ్లీ. ఐదోసారి కాగితం వచ్చేసరికి పొట్టి మెకానిక్ దాన్ని నా మొహం ముందు ఊపాడు.

"ఒరేయ్, జబ్బు ఫ్రీజర్‌కి కాదురా. ఆ అమ్మాయికి. మందువి నువ్వే."

"ఊరుకో."

"నేను ఊరుకుంటా. ఆవిడ ఊరుకునేట్టు లేదుగా?"

బుద్ధి ఉన్నవాడెవడైనా అక్కడ ఒక్క క్షణం ఆలోచిస్తాడు. నాకు మాత్రం నన్ను పొగిడే మాట చెవిలో పడితే నేరుగా గుండెలోకి జారిపోతుంది, మధ్యలో ఎక్కడా ఆగదు. అవును మరి, లేని శబ్దానికి ఇన్నిసార్లు ఎవరు పిలుస్తారు?

మర్నాటి నుంచి చొక్కా ఇస్త్రీ మొదలైంది. కొత్త సాక్సులు కొన్నాను. సెంటు కూడా.

"ఒరేయ్" అంది మా అమ్మ వాసన పీలుస్తూ, "ఫ్రీజర్లకి ముక్కులు కూడా ఉంటాయట్రా?"

ఆ తర్వాత ఏడో నంబరు దగ్గర నా పని రెండు నిమిషాల్లో అయిపోయేది. నా కబుర్లు మాత్రం అరగంట సాగేవి. ఆమె రోజుకి రెండుసార్లు పదహారు ఫ్రీజర్ల ఉష్ణోగ్రతలూ పెన్సిల్‌తో రాసేది, పెన్ను అయితే చలికి సిరా దిగదని. రాయనప్పుడు ఆ పెన్సిల్ జుట్టుముడిలో ఉండేది. ఒకసారి దాని కోసం గదంతా వెతికింది. తలలో ఉందని నేను చెప్పలేదు. వెతుకుతున్నంతసేపూ చూస్తూ కూర్చున్నాను. చివరికి నా చూపు ఎక్కడుందో గమనించి, తల తడుముకుని, నవ్వేసింది.

మైనస్ ఎనభై నవ్వడం చూసినవాణ్ణి బేస్‌మెంట్‌లో నేనొక్కణ్ణే. ఆ రోజు వర్క్‌షాపుకి నడిచి వెళ్లానో, తేలుతూ వెళ్లానో తెలియదు.

ఒక మంగళవారం పదకొండో కంప్లయింట్ వచ్చింది. ఇక ఆ అమ్మాయిని ఇబ్బంది పెట్టకూడదని నిర్ణయించుకున్నాను. ఎంతకాలమని పాపం ఫ్రీజర్‌ని అడ్డం పెట్టుకుంటుంది?

మామూలుగానే తలుపు తీశాను, మూశాను, రాశాను. ఫారం ఇస్తూ గొంతు తగ్గించాను.

"ఒక మాట చెప్పనా? ఏమీ అనుకోనంటే."

"చెప్పండి."

"నన్ను చూడాలనిపిస్తే ఏడో నంబరు పేరు చెప్పి పిలవక్కర్లేదండీ. క్యాంటీన్‌లో టీకి రమ్మన్నా వస్తాను."

ఆమె నన్ను చూసింది. పొట్టి మెకానిక్ ఆ పేరు ఊరికే పెట్టలేదని నాకు అప్పుడర్థమైంది.

"ఏమన్నారు?"

"అదే... నాకు తెలుసులెండి. ఇందులో సిగ్గుపడాల్సిందేం లేదు. చాలామందికి..."

"చాలామందికి?"

అక్కడితో ఆపాల్సింది. నోరు మొదలుపెట్టిన వాక్యం పూర్తిచేసే అలవాటు నాది. "చాలామందికి నేను నచ్చుతాను."

ఆమె తన బల్ల దగ్గరికి నడిచింది. సొరుగు లాగి ఒక ఉత్తరం తీసి నా చేతిలో పెట్టింది. ఉమ్మడి సేవల ఆఫీసు నుంచి వచ్చింది. ఒకే విషయం మీద పెట్టిన కంప్లయింట్లు పదిసార్లు 'లోపం లేదు' అని తిరిగొచ్చినందున, సేవలను దుర్వినియోగం చేసినట్టు ఎందుకు భావించకూడదో గురువారం ఉదయం పదకొండింటికి కమిటీ ముందు సంజాయిషీ ఇవ్వాలి. ప్రొబేషన్ ముగించి ఉద్యోగం ఖాయం చేసేదీ లేనిదీ అప్పుడే తేలుస్తారు.

"ఐదేళ్లు గాజుసామాను కడిగానండీ" అంది. గొంతు పెంచలేదు, అదే ఇంకా భయం వేసింది. "కడుగుతూ చదివాను, పరీక్ష రాశాను, ఈ గది తెచ్చుకున్నాను. గురువారం మళ్లీ ఆ తొట్టి దగ్గరికే పంపిస్తారు. మీరు గిరగిరా తిప్పి పెట్టిన పది సంతకాల వల్ల. ఇప్పుడు పదకొండు. మీకు తెలుసులెండి అన్నారే, ఏం తెలుసు మీకు?"

బూట్లు చేత్తో పట్టుకుని బయటికొచ్చాను. కారిడార్ చివరిదాకా సాక్సులతోనే నడిచాను.

రాత్రి భోజనాల వేళకి మావయ్య వచ్చాడు. నాకు ముద్ద దిగడం లేదని చూసి అమ్మ ఆరా తీస్తే, మొత్తం చెప్పేశాను.

"అబద్ధం రాశావా?" అన్నాడు మావయ్య.

"లేదు మావయ్యా. ఒట్టు. శబ్దం నిజంగా వినబడలేదు."

"అసలు విన్నావా?"

నేను కంచంలో అన్నం కెలికాను.

"వాడెక్కడ వింటాడ్రా తమ్ముడూ" అంది అమ్మ. "వాడి మాటలు వినడానికే వాడికి పొద్దు చాలదు."

ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. పదకొండుసార్లకీ కలిపి నేను చెవిపెట్టి విన్నది అరగంట కూడా లేదు. పైగా ప్రతిసారీ నేను చేసిన మొదటి పని తలుపు తియ్యడం. తలుపు తీస్తే లోపలికి వేడిగాలి పోతుంది. దాన్ని చల్లార్చడానికి కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. మరి ఆ శబ్దం కంప్రెసర్ ఆగి, మళ్లీ మొదలయ్యేటప్పుడు మాత్రమే వచ్చేదైతే? నేనున్నంతసేపూ అది ఆగనే ఆగదు. తియ్యకుండా కూర్చుని వినండి అని మొదటి రోజే చెప్పింది ఆమె. మంచం మీద లేచి కూర్చుని నా నెత్తిన నేనే ఒకటి మొట్టుకున్నాను.

బుధవారం పొద్దున్నే గుమ్మంలో నిలబడ్డాను.

"నేను కంప్లయింట్ పెట్టలేదు" అంది.

"తెలుసండీ. వినడానికొచ్చాను. తలుపు తియ్యను."

కాసేపు చూసి, ఒక స్టూలు నావైపు తోసింది. "నోరు కూడా తియ్యకండి."

ఏడో నంబరు ముందు చెరో స్టూలు మీద కూర్చున్నాం. పది నిమిషాలు. ఇరవై. నా జీవితంలో నేను మెలకువగా ఉండి ఇంతసేపు మాట్లాడకపోవడం అదే మొదలు. నాలిక మీదికి పది మాటలు వచ్చాయి, పదీ మింగాను. మాట్లాడే పని లేకపోయేసరికి చూడడం తప్ప గత్యంతరం లేకపోయింది. ఆమె కళ్లు మూసుకుని వింటోంది. పదహారు ఫ్రీజర్ల హోరులో ఒక్క ఏడో నంబరు గొంతే విడిగా పట్టుకుంటోంది. చేతివేళ్ల మీద వేడినీళ్ల పాత మచ్చలున్నాయి. ఇన్ని వారాలు కబుర్లు చెప్పాను గానీ, ఆ చేతులు ఒక్కసారీ చూడలేదు నేను.

నలభై రెండో నిమిషంలో కంప్రెసర్ ఆగింది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. కాసేపటికి మళ్లీ మొదలైంది.

టక్.

ఎగిరి నిలబడ్డాను. స్టూలు పడిపోయింది.

"విన్నారా?"

"విన్నాను!"

"నిజంగా విన్నారా? నా కోసం అనడం లేదుగా?"

"ఒట్టండీ! టక్కుమంది! ఇంత చక్కటి టక్కు నేనెప్పుడూ వినలేదు!"

ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకుని కంగారుపడ్డాను. చేతులు తీసేసరికి నవ్వుతోంది, కళ్లలో నీళ్లున్నాయి. "నాకే పిచ్చేమో అనుకోవడం మొదలుపెట్టాను" అంది.

వెనకపలక విప్పి చూశాను. గ్యాస్ వెళ్లే రాగి గొట్టం బిగింపు ఊడిపోయింది. కంప్రెసర్ మొదలైన ప్రతిసారీ గొట్టం అదిరి ఇనుప చట్రానికి తగులుతోంది. తగిలి తగిలి ఆ చోట కాగితమంత పలచబడింది. ఇంకొన్నాళ్లు పోతే చిల్లుపడి, గ్యాసంతా పోయి, పన్నెండేళ్లుగా పైఅంతస్తు డాక్టరుగారు పోగుచేసిన రక్తమంతా నీళ్లయిపోయేది.

బాగుచేసేలోపు పెట్టెలన్నీ తీసి, ఇలాంటి అవసరానికే ఖాళీగా ఉంచే పదహారో నంబరులోకి మార్చాలి. మందపాటి చేతొడుగులు తొడుక్కుని ఇద్దరం మార్చాం. ఆమె అంకె చదువుతుంది, నేను అందుకుంటాను. మొత్తం నాలుగువందల పెట్టెలు. ఎక్కడో మూడోవందలో ఉండగా నాకు తెలిసిపోయింది. అంతదాకా నాకు నచ్చింది, ఆమెకి నేను నచ్చానన్న సంగతి. ఇప్పుడు నచ్చింది ఆమె. తనకి నేను నచ్చినా, నచ్చకపోయినా సరే. ఇది చాలా ఇబ్బందికరమైన విషయమని నాకు అంతకుముందు తెలియదు.

"రిపోర్టు రాసిస్తాను. గొట్టం కూడా చూపిస్తాను" అన్నాను.

"ఎవరు నమ్ముతారు? విచారణకి ముందురోజు దొరికిన లోపం. పదకొండుసార్లు లేనిది పన్నెండోసారి ఎలా వచ్చిందంటారు. జాలిపడి రాశారంటారు. ఏం చెబుతారు మీరు?"

"నిజం చెబుతాను."

"మీకు పరువు పోతుంది."

"పోనివ్వండి. ఎలాగూ ఎక్కువైపోయింది."

గురువారం పదకొండింటికి కమిటీ గది. పొడుగాటి బల్ల, మధ్యలో ఉమ్మడి సేవల పెద్ద మేడమ్, అటూ ఇటూ ఇద్దరు సభ్యులు, చివర ఫోర్‌మన్ హోదాలో మావయ్య. ఎదురుగా ఆమె, చేతిలో ఉష్ణోగ్రతల పుస్తకం. అరిగిన రాగి గొట్టాన్ని బల్ల మీద పెట్టాను.

మేడమ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది అరగడానికి ఎన్నాళ్లు పడుతుంది?"

"రెండు నెలల పైనే, మేడమ్."

"మరి ఆ రెండు నెలల్లో పదకొండుసార్లు వెళ్లి లోపం లేదని రాసింది నువ్వే కదా?"

"నేనే. ఆవిడ చెప్పినట్టు వినలేదు మేడమ్. తలుపు తియ్యొద్దన్నారు, తీశాను. కూర్చుని వినమన్నారు, వినలేదు."

"ఎందుకని?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. మావయ్య నా వంక చూడడం మానేసి బల్ల వంక చూస్తున్నాడు.

"శబ్దం లేదనుకున్నాను మేడమ్. ఆవిడ నన్ను చూడ్డానికి పిలుస్తున్నారనుకున్నాను."

ఎడమవైపు సభ్యుడికి పొలమారింది.

"అలాగని ఆవిడ చెప్పిందా?" అంది మేడమ్.

"లేదు మేడమ్. నాకై నేనే అనుకున్నాను. నాకు ఆ జబ్బుంది. ఆవిడ ప్రతిసారీ నిజమే చెప్పారు. తప్పంతా నాది. మెమో నాకివ్వండి, ఏమైనా చెయ్యండి. ఆవిణ్ని మాత్రం ఆ గది నుంచి పంపెయ్యకండి. పదహారు ఫ్రీజర్లలో ఒక్కటి కాస్త తేడాగా మాట్లాడితే పట్టుకునే మనిషి ఇంకొకరు దొరకరు."

"గంటసేపు కూర్చుని వింటే తెలిసేదానికి, రెండు నెలలు ఏం చూశావయ్యా ఆ గదిలో?"

"ఆవిణ్నే, మేడమ్."

చెప్పేశాక గానీ చెప్పానని తెలియలేదు. చెవులు కాలిపోయాయి. ఆమె వైపు చూసే ధైర్యం చాల్లేదు.

మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక నిమిషం కాగితాలు తిరగేసింది. తర్వాత ఆమె వైపు తిరిగింది.

"అమ్మాయ్, నాకొక్కటే అర్థం కాలేదు. కంప్లయింట్ ఫారం చివర 'ఎవరిని పంపాలి' అని ఒక గడి ఉంటుంది. అది ఫోర్‌మన్‌కీ మాకూ తప్ప మెకానిక్‌లకి కనబడదు. వర్క్‌షాపులో ముగ్గురున్నారు. ఇతనికి చెవులు లేవని నీకు మూడోసారికే తెలిసుండాలి. అయినా నాలుగోసారి నుంచి ప్రతి ఫారంలోనూ ఇతనే కావాలని రాశావెందుకు?"

నేను తలెత్తాను. మావయ్య కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, అక్కడేదో గొప్ప దృశ్యం ఉన్నట్టు.

ఆమె ఉష్ణోగ్రతల పుస్తకాన్ని గుండెకి అదుముకుంది. "మిగతా ఇద్దరూ ఫోన్‌లోనే లేదనేసేవాళ్లు మేడమ్. ఈయన కనీసం వచ్చేవారు."

"అంతేనా?"

ఆమె మెడ దగ్గర మొదలైన ఎరుపు బుగ్గలదాకా పాకింది.

"అంతే కాదు మేడమ్" అంది. "కానీ శబ్దం మాత్రం ప్రతిసారీ వచ్చింది. పుస్తకంలో టైములతో సహా రాశాను."

మేడమ్ పుస్తకం అడిగి తీసుకుంది, పేజీ పేజీ చూసింది. పావుగంటలో తేల్చేసింది. ఆమె ఉద్యోగం ఖాయం. నాకు మెమో, పైగా ఆరు నెలలు ఫ్రీజర్ల గది వైపు వెళ్లకుండా లిఫ్టుల దగ్గర పని.

బయట వాన దంచికొడుతోంది. మెట్ల దగ్గర పైకప్పు కింద మావయ్యని పట్టుకున్నాను.

"ఆ గడి సంగతి నీకు ముందే తెలుసా?"

"నాలుగోసారి నుంచీ తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే నువ్వు ఆ గదిలో మంచం వేసుకునేవాడివి" అని మావయ్య ఫోన్ తీసి, మా అమ్మకి చేసుకుంటూ అవతలికి నడిచాడు.

ఆమె వచ్చి నా పక్కన నిలబడింది. జల్లు ఇద్దరి మీదా సమానంగా పడుతోంది.

"కంగ్రాట్స్" అన్నాను.

"థాంక్స్" అంది. "లోపల అందరికీ చెప్పారు. నాకు చెప్పలేదు."

"ఏది?"

"అదే. కమిటీకి చెప్పింది. నాకు విడిగా చెప్పండి."

మాటలు అమ్ముకుని బతకగలనని పేరున్న మనిషిని. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఆమె తొందరపెట్టలేదు. నలభై రెండు నిమిషాలైనా వేచి ఉండగలదని నాకు తెలుసు.

"నువ్వంటే నాకు ఇష్టం" అన్నాను చివరికి. "బాగా."

అంతే వచ్చింది. సోకు లేదు, తిప్పడం లేదు. ఆమె వానలోకి చూస్తూ ఊరుకుంది. అవునని గానీ కాదని గానీ అనదేమిటని నా ప్రాణం సగం పోయింది.

ఇంతలో మావయ్య వెనక్కొచ్చి ఫోన్ ఆమె చేతికిచ్చాడు. "మా అక్క. వీడి అమ్మ. నీతో మాట్లాడతానంటోంది."

ఆమె ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. ఒక్క క్షణం నా కళ్లలోకి చూసింది.

"నమస్కారం అత్తయ్యగారూ" అంది.

వాన ఎంత గట్టిగా పడుతున్నా ఆ మాట నాకు స్పష్టంగా వినబడింది.